కొత్త పేజీలో మొదటి మాట

మళ్ళీ అదే. తెర మధ్యలో చిన్న పెట్టె, పెట్టెలో పసుపు త్రికోణం, డిఫాల్ట్ టెంప్లేటు పాడైంది, తెరవలేకపోతున్నాను అని ఒక వాక్యం, దాని కింద సరే అని ఒక బటను. సరే అంటే ప్రోగ్రాం మూసుకుపోతోంది. సరే అనకుండా మూలనున్న గుర్తు నొక్కినా మూసుకుపోతోంది. ఎటు తిరిగీ తన పని తాను చేసుకుపోయేదానికి మధ్యలో నా అనుమతి ఒకటి, అంతా నిర్ణయించేసుకుని ఆఖర్న నువ్వేమంటావక్కా అని అడిగే మా తమ్ముడి లాగా. సాయంత్రం థీసిస్ టైపుకిచ్చిన అమ్మాయి వస్తుంది. అధ్యాయాలూ పాద సూచికలూ బైండింగుకి వదలాల్సిన ఖాళీ అన్నీ అయిపోయాయని పొద్దున్నే ఫోనులో గొప్పగా చెప్పాను, అబద్ధం కూడా కాదు, ఒక్క ముందు పేజీ తప్ప అన్నీ అయ్యాయి. ఆ ముందు పేజీ కోసం కొత్త డాక్యుమెంటు తెరవబోతే ఈ గోల మొదలైంది. గోడకి అటువైపు అమ్మ మంచం, ఇటువైపు నా కుర్చీ, ఆమె పక్కకి ఒత్తిగిలితే నాకు ఇక్కడ వినిపిస్తుంది. ఇంకా ఒత్తిగిల్లేదు. మధ్యాహ్నపు నిద్ర గట్టిగానే పట్టినట్టుంది, మంచిదే, ఆమె లేచేలోపు దీని సంగతి తేల్చుకోవాలి, లేచాక నా చేతులు నావి కావు.

ఆపి మళ్ళీ పెట్టాను. కంప్యూటర్ల వైద్యంలో మొదటి మందు అదే, చాలాసార్లు ఆఖరి మందూ అదే. పెట్టె మళ్ళీ వచ్చింది. సరే, రెండో మందు, కంట్రోల్ మీట నొక్కిపట్టి తెరవడం, సేఫ్ మోడ్ అంటారు, అంటే ప్రోగ్రాం తన అలవాట్లన్నీ గుమ్మం బయట వదిలేసి ఒట్టి ప్రోగ్రాంగా లోపలికి రావడం. వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే నా కుడిచెయ్యి దానంతట అది పోయి పేజీ మొదట్లో రెండుసార్లు క్లిక్ చేసి చెరిపే మీట నొక్కింది. చెరపడానికి అక్కడేం లేదు. తెల్లగా ఉంది. వేరే షాపుల్లో కొత్త పేజీ తెల్లగానే ఉంటుంది, అందులో వింతేముంది, కానీ మా షాపులో ఎప్పుడూ అలా ఉండదు, మా పేజీ మీద ముందే ఒక మాట ఉంటుంది. బుజ్జమ్మా, అని, పక్కన కామాతో సహా. ఆ బుజ్జమ్మని నేనే. నడుం నొప్పికి బెల్టు పెట్టుకుని, ముక్కు మీదికి జారే కళ్ళజోడు తోసుకుంటూ, జిరాక్స్ మిషనుతో వాదించే ఈ నేనే.

ఎలా వచ్చిందంటే, అమ్మ టైపు మిషను మనిషి. నాన్న పోయాక ఇద్దరు పిల్లల్నీ ఆ మిషను మీదే పెంచింది. కంప్యూటరు తెచ్చాక కూడా కొన్నాళ్ళు మీటల్ని గుద్దేది, పాపం అదేం చేసిందమ్మా అని తమ్ముడు చెయ్యి పట్టుకుని ఆపేవాడు. కొత్త పేజీ తెరిచిన ప్రతిసారీ అక్షరాలు చీమల్లా ఉన్నాయనీ, వరసల మధ్య ఊపిరాడ్డం లేదనీ, అంచులు మిషనులో ఉన్నట్టు లేవనీ గొణిగితే వాడే ఒక రోజు కూర్చోబెట్టి చెప్పాడు, ఇదిగో అమ్మా, ఈ ఫైలుని టెంప్లేటు అంటారు, అన్ని పేజీలకీ ఇది తల్లి, దీన్ని తెరిచి ఇందులో ఒక్కసారి సరిచేశావంటే ఇక పుట్టే ప్రతి పేజీ అలాగే పుడుతుంది అని. ఆమె సరిచేసింది. అక్షరం పెద్దదైంది, వరస విడివడింది, ఎడమవైపు చోటు మిగిలింది. ఆ పేజీ ఎంత నచ్చిందంటే, దాన్ని మూయబుద్ధి కాక, అది తల్లి ఫైలన్న సంగతి మరిచిపోయి, హాస్టల్లో ఉన్న నాకు ఉత్తరం అందులోనే మొదలుపెట్టింది. బుజ్జమ్మా, అని కొట్టింది, కామా పెట్టింది. అంతలో ఎవరో అర్జెంటు బేరం వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మనిషి కనబడితే ముందు సేవ్ నొక్కి తర్వాత తలెత్తడం ఆమె పద్ధతి, కరెంటు పోయి ఒకసారి చెయ్యి కాల్చుకుంది మరి. నొక్కింది. అంతే. ఆ సాయంత్రం నుంచి ఈ షాపులో పుట్టిన ప్రతి కాగితమూ ముందు నన్ను పిలిచి ఆ తర్వాతే దాని పని చూసుకునేది.

తీసేస్తానమ్మా, అర నిమిషం పని అన్నాడు తమ్ముడు. ఉండనీరా అంది. ఖాళీ పేజీ చూస్తే నాకు చెయ్యి ఆడదు, ఒక మాట ఉంటే ధైర్యం అంది. నా పేరూ పెట్టు మరి అని వాడు అలిగాడు, కంప్యూటరు కూడా దాన్నే ముద్దు చేస్తోంది అని నెలల తరబడి సాధించాడు, నీ పేరు పెడితే పేజీ కుదురుగా కూర్చోదురా అని ఆమె నవ్వేసేది. అలా అది మా ఆచారమైపోయింది. కొత్త పేజీ తెరవడం, బుజ్జమ్మని చెరిపెయ్యడం, పని మొదలుపెట్టడం. పనికి కొత్తగా ఎవరు చేరినా మొదటి పాఠం అదే. మరిచిపోయిన రోజులూ లేకపోలేదు. ఎదురింటి లాయరుగారు తన క్లయింటు తరఫున ఇల్లు ఖాళీ చెయ్యమని ఒకావిడకి నోటీసు పంపించారు, చాలా ఘాటైన నోటీసు, ప్రతి వాక్యంలోనూ చట్టరీత్యా అని ఉంటుంది, అది మా దగ్గరే కొట్టించారు, ఆ తొందరలో మాట చెరపలేదు. బుజ్జమ్మా, పై విషయమై మీకు తెలియజేయునది ఏమనగా, అని వెళ్ళింది. ఆవిడ ఆ కాగితం పట్టుకుని లాయరుగారి గదికి వచ్చి, నన్ను ఇంత ఆప్యాయంగా వెళ్ళగొట్టినవాళ్ళు ఇంతవరకూ లేరండీ అందట. కోపం పట్టలేక ఆయన మా షాపు మీదికి వచ్చారు. అమ్మ ఆయన్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, పొరపాటేనండీ, కానీ ఆవిడ వయసుకి ఆ పిలుపు తప్పేం కాదు కదా అంది. ఆయనకి నవ్వాగలేదు. ఆ ఇంటి గొడవ కోర్టు దాకా పోలేదు, అది మా వల్లే అని నేననను, అమ్మ మాత్రం అనేది.

తమ్ముడికి ఫోను చేశాను. వేరే ఊళ్ళో ఏదో ఆఫీసులో వాడికి రోజంతా ఇదే పని, పాడైన మిషన్ల మధ్య కూర్చుని పాడుచేసినవాళ్ళని తిట్టడం. చెప్పింది విని, సేఫ్ మోడ్‌లో తెరుచుకుందా అన్నాడు, తెరుచుకుంది అన్నాను, అయితే ప్రోగ్రాం బానే ఉందక్కా, టెంప్లేటే పోయింది అన్నాడు. పోయింది అనే మాట వాడు చాలా మామూలుగా అన్నాడు, వాడి పనిలో రోజూ పోతుంటాయి. సేఫ్ మోడ్‌లోనే లాగించేస్తానంటే ఒప్పుకోలేదు, అందులో నీ తెలుగు మీటలు పనిచెయ్యవు, సూచికలు చెదిరిపోతాయి, ఆ పిల్ల థీసిస్ గంగలో కలుస్తుంది అన్నాడు. బ్యాకప్ ఉందా అన్నాడు. ఉంది, ఊళ్ళో వాళ్ళందరి కాగితాలకీ ఉంది, దీనికి లేదు, కనబడకుండా ఏ మూలో దాక్కునే ఫైలుకి బ్యాకప్ తియ్యాలని ఎవరికి తడుతుంది. దాన్ని ఉన్నచోటే పేరు మార్చెయ్యి, ప్రోగ్రాం వెతుక్కుంటుంది, కనబడకపోతే తనే కొత్తది పుట్టించుకుంటుంది, అంతే అన్నాడు. అందులో అమ్మ మాట ఉంది కదరా అన్నాను. వాడికి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. వెనకాల ఎవరో వాడిని పిలుస్తున్నారు, వస్తున్నా అని వాళ్ళకి చెప్పి మళ్ళీ నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించాడు.

"కావాలంటే కొత్తదాంట్లో నువ్వే కొట్టుకో అక్కా. మాటేగా."

మాటే. పది మీటలు నొక్కితే వస్తుంది, ఎవరు నొక్కినా వస్తుంది. కానీ నేను నొక్కితే అది నన్ను నేను పిలుచుకోవడం అవుతుంది, అద్దం ముందు నిలబడి బుగ్గ గిల్లుకోవడం. వాడికి అది చెప్పలేదు, చెప్తే వాడు అక్కడ పని మానేసి కూర్చుంటాడు. వాడిదీ తక్కువ బాధేం కాదు, పోయినసారి వచ్చినప్పుడు ఈ ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చావా బాబూ అని అడిగింది అమ్మ వాణ్ణి. బాగుచేశాడు. ఏ జబ్బూ లేని ఫ్యానుని దింపి, తుడిచి, మళ్ళీ పెట్టి, తిరుగుతోందా అమ్మా అని అడిగి, బస్సెక్కాడు. నన్నయితే ఏమీ అడగదు, నాతో చాలా మర్యాదగా ఉంటుంది. ఆమె మతిలోంచి ముందు వీధుల పేర్లు పోయాయి, తర్వాత బేరాల మొహాలు, తర్వాత ఏ పూట ఏదన్నది. అన్నిటికీ సర్దుకున్నాం, నేను అడక్కుండానే చెప్పేదాన్ని, ఇది పొద్దున్న, ఇది మందు, ఈయన లాయరుగారు. ఒక పొద్దున్న టీ తీసుకెళ్తే, మీకెందుకండీ శ్రమ అంది. ఆటపట్టిస్తోందనుకుని నవ్వాను. ఆమె కూడా నవ్వింది, పరాయింట్లో ఎవరన్నా నవ్వితే మనం నవ్వుతామే అలా నవ్వింది. ఆ టీ కప్పు అక్కడ పెట్టి వంటింట్లోకి వచ్చి కొళాయి తిప్పి ఏడ్చాను. పుట్టి బుద్ధెరిగాక ఆమె నాతో మెత్తగా మాట్లాడింది తక్కువ, ఏమే, ఒసే, నీ మొహం మండ, ఇవే మా మధ్య ముద్దు మాటలు. ఇప్పుడు నాకు రోజంతా గౌరవం. గౌరవంతో కడుపు నిండదు. ఆ తిట్లలో ఒక్కటి ఇస్తే చాలు, మోసుకుని తిరుగుతాను.

కాబట్టి ఇక దాపరికం ఎందుకు, ఆమె నన్ను పిలిచే చోటు ఈ ప్రపంచంలో ఇంకొక్కటే మిగిలింది, అది ఈ ఫైలు. రోజుకి ఎన్నిసార్లు కొత్త పేజీ తెరిస్తే అన్నిసార్లు పిలుస్తుంది. ఈ మధ్య పని లేకపోయినా తెరుస్తున్నాను. తెరిచి, చూసి, చెరపకుండా మూసేసి. ఎవరైనా చూస్తే నవ్విపోతారు, ముందు నేనే నవ్వుకున్నాను, ఇంత వయసొచ్చి మిషను చేత ముద్దు పేరుతో పిలిపించుకుంటున్నావా అని. అచ్చులో ఎక్కడైనా మిగిలిందా అంటే అదీ లేదు, ఇన్నాళ్ళూ మేం చేసిన పనే దాన్ని చెరపడం. లాయరుగారి నోటీసు ఒక్కటీ దొరికితే బాగుండేది, ఆయన అప్పుడే చింపేశారు.

పేరు మార్చే ముందు ఒక్క ప్రయత్నం. బాగుచేసి తెరువు అని ఒక దారి ఉంటుంది, దెబ్బతిన్న ఫైల్లోంచి అక్షరాల్ని ఏరి ఇస్తుంది, వచ్చిందెంతో రానిదెంతో దాని దయ. తమ్ముడు లైనులోనే ఉన్నాడు, అది దండగ అన్నాడు, దండగైతే అయింది, నువ్వు లైనులో ఉండు అన్నాను. దాక్కున్న ఫోల్డర్లని చూపించమన్నాను, లోపల, ఇంకా లోపల, అదిగో. ఎంత చిన్న ఫైలో. తెరిచాను. చతురస్రాలు. ప్రశ్నార్థకాలు. మళ్ళీ చతురస్రాలు. పేజీ దాటితే ఇంకో పేజీ, మధ్యలో ఎక్కడో ఒక ఫాంటు పేరు, ఒక అంచు కొలత, అమ్మ చేత్తో పెట్టిన కొలతే అది, దాని తర్వాత మళ్ళీ చతురస్రాలు. బియ్యంలో రాళ్ళేరినట్టు వరస వరస చూసుకుంటూ పోయాను. ఇక్కడ ఉండొచ్చు, ఈ కింద ఉండొచ్చు. వేలు తెర మీద పెట్టి చూశాను. అమ్మ మందుల సమయం, నాకు గుర్తుంది, ఇంకొంచెం ఆగి. చివరి పేజీ వచ్చింది. లేదు. ఉందా అన్నాడు తమ్ముడు. లేదురా అన్నాను. అయితే ఇప్పుడు నువ్వు తీసేస్తున్నదేం లేదక్కా, అది ముందే పోయింది అన్నాడు. వాడు ఓదార్పుగానే అన్నాడు. నేను ఫైలు సంగతే అనుకోవడానికి చాలా ప్రయత్నించాను. ఎప్పుడు పోయింది మరి, నిన్న కూడా కనబడింది కదా, నిన్న పిలిచింది కదా అని అడగబోయి, ఆ ఫైలు మూసేశాను.

పేరు మార్చాను. ఏం పెట్టను అంటే పాత అని పెట్టు, అందరూ అదే పెడతారు అన్నాడు. పాత అని కొట్టాను. నొక్కాను. ప్రోగ్రాం తెరిచాను. పసుపు త్రికోణం రాలేదు, పెట్టె రాలేదు, ఇంత రాద్ధాంతం చేసింది తను కానట్టు హాయిగా తెరుచుకుంది. చీమలంత అక్షరాలు, ఊపిరాడని వరసలు, మీద ఏమీ లేని పేజీ. వచ్చిందా అన్నాడు. వచ్చిందిరా, ఉంటాను అని పెట్టేశాను. కన్నీళ్ళు ముక్కు పక్కనుంచి కారుతుంటే కళ్ళజోడు తియ్యకుండా చున్నీ చివర లోపలికి దూర్చి తుడుచుకున్నాను. ఏడవడం ఏడుస్తూనే అక్షరం పెద్దది చేశాను, వరస విడదీశాను, ఎడమవైపు చోటు వదిలాను, తమ్ముడు చెప్పిన చోటికి వెళ్ళి ఇక మీదట ఇలాగే పుట్టాలి అని భద్రం చేశాను. ఆమె కళ్ళకి సరిపోయిన కొలతలు ఇప్పుడు నా కళ్ళకి సరిపోతున్నాయి. మాట మాత్రం పెట్టలేదు.

మంచం కిర్రుమంది. లేచింది. గోడ పట్టుకుని వస్తోంది, చెప్పులు వేసుకోలేదు, నేల చల్లగా ఉంటుందని ఎంత చెప్పినా. గుమ్మంలో ఆగింది. స్వెటరు గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుంది, జుట్టు ఒకవైపు నలిగింది. షాపంతా చూసింది, బైండింగు మిషను, జిరాక్సు, కాగితాల దొంతర, నేను. లోపలికి రావచ్చాండీ అని అడిగింది. రండి అన్నాను. బేరాల కుర్చీ లాగాను, కూర్చుంది, అర్జీ రాయించుకోవడానికి వచ్చినవాళ్ళలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. లోపల్నుంచి చెప్పులు తెచ్చి కాళ్ళకి తొడిగితే, అయ్యయ్యో మీరెందుకు అని కాళ్ళు వెనక్కి లాక్కుంది. ఫరవాలేదు లెండి అన్నాను. ఈ షాపు మీదేనా అని అడిగింది. మా అమ్మదండీ అన్నాను. మంచి చోటు అంది, ఊరికే మెచ్చుకోలుగా కాదు, వెలుతురు ఎటునుంచి వస్తోందో చూసుకుని, కుర్చీ ఎత్తు చూసుకుని, తెలిసిన మనిషిలా అంది. తర్వాత నా మీటల మీద చేతుల్నీ, తడిసిన నా మొహాన్నీ చూసింది, మొహం గురించి ఏమీ అనలేదు. ఏదో అడగాలా వద్దా అని పెదాలు తడుపుకుంది. ఎవరినీ ఏదీ అడక్కుండా బతికిన మనిషి, ఆ మొహమాటం మాత్రం ఇంకా పోలేదు.

"మాకో అమ్మాయి ఉందండీ," అంది. "మీ దగ్గర పనికి పెట్టుకుంటారా?"

బయట ఎవరో మోటారుసైకిలు ఆపి, లోపలికి తొంగిచూసి, అమ్మ కూర్చుని ఉండడం చూసి తర్వాత వస్తాలే అన్నట్టు చెయ్యూపి వెళ్ళిపోయారు. ఎలాంటిదండీ మీ అమ్మాయి అని అడిగాను. ఆ ప్రశ్న ఎలా వచ్చిందో నాకే తెలీదు, ఏ కూతురికి వస్తుంది అలా అడిగే అవకాశం. ఆమె ఆలోచించింది. నిజం చెప్పాలా, పని దొరికేలా చెప్పాలా అని తూకం వేసుకుంటున్నట్టు ఆలోచించింది.

"నోరు కాస్త పెద్దదండీ," అంది. "కోపమొస్తే తిండి మానేస్తుంది, అది మీరు పట్టించుకోకండి, ఆకలేస్తే అదే తింటుంది. చెయ్యి మాత్రం మంచిది. నేను రాత్రి దగ్గితే నిద్రలోంచి లేచొచ్చి నిలబడుతుంది, ఏం కావాలని అడగదు, ఊరికే నిలబడుతుంది. నాకు తెలీదనుకుంటుంది."

పంపించండి అన్నాను. మళ్ళీ అన్నాను, పంపించండి, ఇవాళే పంపించండి. ఆమె మొహం తేటపడింది. పెద్ద పని అయినట్టు కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది, అంతలోనే మళ్ళీ ముందుకు వంగి, నా మోచేతి మీద రెండు వేళ్ళు ఆనించింది. ఇన్నాళ్ళ తర్వాత తనంతట తను నన్ను ముట్టుకుంది.

"కొంచెం కనిపెట్టుకుని ఉండాలి మరి. నేను ఎప్పుడూ ఉండను కదండీ."

"ఉంటానండీ," అన్నాను.